పైరు మీద నాగలి

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో దాలమ్మ ఇంటి వెనకాల ఉన్న చోటు ఒక మంచం వేస్తే నిండిపోతుంది. ఆ కాస్త చోట్లోనే ఆవిడ ఆనపపాదు పాకించింది, చిక్కుడు పందిరెక్కించింది, వంగ మొక్కలు పెట్టింది. అవి చాలక గోడ పగుల్లో తనంతట తాను మొలిచిన బచ్చలికి కూడా పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసేది. పాలకొండ దగ్గర పల్లెలో పుట్టి, నడక వచ్చిన దగ్గర్నుంచి ఆకుమళ్ళలో తిరిగిన మనిషి. పెళ్ళయి రైలెక్కి వచ్చాక కాలికి బురద అంటలేదు. అందరూ బురద కడుక్కోవడానికి నీళ్ళు వెతుక్కుంటే, ఈవిడ బురదనే వెతుక్కుంటూ కూర్చుంది.

ఆవిడ మొగుడు సూర్యారావు పాయింట్స్‌మన్. ఏ రైలు ఏ పట్టాల మీదికి వెళ్ళాలో ఆ దారి మార్చడం అతని పని. అతనూ రైతు బిడ్డే, కానీ వ్యవసాయం పేరెత్తితే ఒళ్ళు మంట. ఒక ఏడు వరద, ఒక ఏడు దోమ, ఇంకో ఏడు రెండూ కలిసి వచ్చి తండ్రిని తిప్పలు పెట్టడం కళ్ళారా చూశాడు. బి.ఎన్.ఆర్. రైల్వేలో ఉద్యోగం దొరికిన రోజున ఊరి వాగులో, ఆ గెడ్డలో, కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, ఇక ఈ జన్మలో మడిలో దిగనని ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటి మొగుడికి ఇలాంటి పెళ్ళాం. దేవుడికి కూడా అప్పుడప్పుడు పొద్దుపోదు కాబోలు.

"మావా, ఒక్క మడి. ఏడో ఒక్క మడి పాలుకి సేసుకుందుము" అని దాలమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"దేనికే? రేసను బియ్యం సాల్లేదేటి?"

"రేసను బియ్యం తిండికి. మడి నాకు."

 సూర్యారావు ముసుగు తన్ని పడుకున్నాడు. అలా ఎన్ని ముసుగులు తన్నినా ఆవిడ వదల్లేదు. చివరికి ఒక వేసవి మధ్యాహ్నం, డ్యూటీ దిగి వచ్చి నిద్రకి మొహం వాచి ఉన్నప్పుడు, అతను లొంగిపోయాడు.

"ఒక్క పంట. ఇను బాగా. ఒక్క పంట నీ ఇష్టం. గింజలు గుమ్మంలోకొచ్చినాయా, సరి. రాలేదా, మరి బతికున్నన్నాళ్ళు మడని, గట్టని, ఎరువని నా సెవిలో మాట పడకూడదు."

"మాటేనా?"

"మాటే. నన్ను మాత్రం మడిలో దిగమనకు."

దాలమ్మ ఎగిరి గంతెయ్యలేదు కానీ, ఆ సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. సంతోషం వస్తే ఆవిడకి చెయ్యి నిలవదు. సూర్యారావు మజ్జిగ ఎక్కువ పోసుకుని తినేశాడు.

మడి దొరికింది కూడా చిత్రంగానే. గుఢియారీ బజారులో పరదేశి అనే రైతు కూరలమ్ముకునేవాడు. మన గోంగూరని అక్కడివాళ్ళు అమారీ అంటారు. అతని దగ్గర అమారీ కొంటూ, ఈ మొక్క ముదరబెట్టి కోశావు, లేతగా ఉండగా తుంచితే మళ్ళీ చిగురేస్తుంది అని దాలమ్మ పాఠం చెప్పబోయింది. అతనికి కోపం రాలేదు. పట్నం బాయికి చిగురు సంగతి ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయాడు. మాట మీద మాట పెరిగి, బీర్‌గావ్ వెళ్ళే దారిలో అతనికి పొలం ఉందని, తమ్ముడు ఇల్లరికం పోయాక గెడ్డ పక్క మడి ఒకటి చేసే దిక్కు లేదని బయటపడింది. అంతే, దాలమ్మ ఆ గంపముందు గొంతుక్కూర్చుంది. దున్నడం, ఎడ్లు, విత్తనం పరదేశివి. మిగతా చాకిరీ అంతా దాలమ్మది. పండిన దాంట్లో చెరి సగం. దానికి వాళ్ళు అధియా అంటారు, మనం పాలు అంటాం. మాట వేరైనా బేరం ఒకటే.

ఇద్దరికీ భాష సగం సగమే. దాలమ్మ హిందీ స్టేషన్లో నేర్చిన హిందీ, పరదేశి మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. అయినా పొలం గట్టెక్కేసరికి ఇద్దరికీ నోళ్ళు లేచాయి. ఆవిడ నాగలి చూపించి "నాగలి" అంటే, అతను "నాంగర్" అన్నాడు. "ఓలమ్మ, సుట్టాలే!" అని దాలమ్మ చప్పట్లు కొట్టింది. కొడవలికి మాత్రం చుట్టరికం కలవలేదు, అది హసియా. కళ్ళం బియారా అయింది. గట్టు మేఢ్ అయింది. ఆవిడ ఆ మాటల్ని దారంతా గొణుక్కుంటూ వచ్చి, పక్క క్వార్టర్లో ఉండే బంగారమ్మకి అప్పజెప్పింది. బంగారమ్మ బొబ్బిలి వైపు మనిషి, ఆవిడ మొగుడు కూడా రైల్వేలోనే. "అప్పా, నీ సదువు బాగానే ఉంది గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి" అంది బంగారమ్మ.

మొదటి పేచీ విత్తనం దగ్గరే వచ్చింది. ఆకుమడి ఎక్కడ పోద్దామని దాలమ్మ అడిగితే, ఆకుమడేమిటి, ఉన్న మడిలోనే గింజ చల్లెయ్యడమే అన్నాడు పరదేశి. దాలమ్మ మొహం చిట్లించింది. నాట్లని దాలమ్మ ఊరి వైపు ఉభాలంటారు. ఒకచోట ఒత్తుగా ఆకు పోసి, అది ఎదిగాక పీకి, దమ్ము చేసిన మడిలో వరసగా ఊడిస్తేనే ఆవిడ లెక్కలో అది వరి. ఊరికే చల్లడం బద్ధకస్తుల పని. కానీ పొలం అతనిది, విత్తనం అతనిది. తొలకరి పడగానే అతను చల్లాడు, ఆవిడ గట్టు మీద నిలబడి మూతి ముడుచుకుంది.

మూతి ముడుపు ఎన్నాళ్ళో నిలవలేదు. నాలుగు వానలు పడేసరికి మడంతా పచ్చగా లేచింది. ఎంత ఒత్తుగా లేచిందంటే మట్టి కనపడలేదు. దాలమ్మ రోజూ పొద్దున్నే వంట ముగించి, సూర్యారావు డ్యూటీ చూసుకుని, పొలానికి నడిచి వెళ్ళేది. పని ఉన్నా లేకపోయినా ఆ పైరు మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ తిప్పేది. పసిపిల్ల తల నిమిరినట్టే నిమిరేది.

"ఇంక పనేటుంది?" అని ఒకనాడు పరదేశిని అడిగింది.

"ఏముంది దీదీ? నీళ్ళు నిలిస్తే బియాసి. తర్వాత కలుపు. తర్వాత కోత."

"బియాసంటే ఏటి?"

పరదేశి ఆలోచించాడు. తల గోక్కున్నాడు. "బియాసంటే బియాసే" అన్నాడు. పుట్టినప్పట్నుంచి చూస్తున్న పనికి అర్థం చెప్పమంటే ఎవడు మాత్రం చెప్పగలడు? సావన్ రానీ, అంటే శ్రావణమాసం రానీ, నువ్వే చూస్తావు అని నవ్వాడు.

దాలమ్మ ఇంటికొచ్చి చాలాసేపు యోచించింది. నీళ్ళు నిలిచాక చేసేది, కలుపుకి ముందు చేసేది, అర్థం చెప్పలేనిది. అయితే అది తప్పకుండా పూజే. తమ ఊళ్ళో గ్రామదేవతకి పొలంలో పసుపునీళ్ళు చల్లినట్టు ఇక్కడ కూడా ఏదో అమ్మవారికి చేస్తారు. రేపు బియాసి అని పరదేశి కబురు పెట్టిన రోజున, ఆవిడ తలంటుకుని, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. బంగారమ్మ గుమ్మంలోంచి చూసి, నా పేరు మీద కూడా ఒక దండం పెట్టమంది.

దాలమ్మ గట్టెక్కి చూసింది. పరదేశి ఎడ్లకి కాడి కట్టి, నాగలి పూన్చి, జానెడు దాటి ఎదిగిన పచ్చటి పైరులోకి తోలుకుపోతున్నాడు. ఎడ్ల కాళ్ళ కింద పైరు బురదలో కూరుకుపోతోంది. నాగలి వెనక మొక్కలు వేళ్ళతో సహా పైకి లేచి నీళ్ళ మీద తేలుతున్నాయి.

"ఓలమ్మో! ఓరి నాయనో! పైరు మీద నాగలేటయ్యా? నీ బుద్ధి గడ్డి తినిందేటి? బంద్ కరో! బంద్ కరో!"

బుట్ట గట్టున పడేసి, తలంటుకున్న జుట్టుతో, కట్టుకున్న ముతక పట్టుచీరతో, ఆవిడ పరిగెత్తుకెళ్ళి ఎడ్ల ముందు బురదలో చతికిలబడింది. ఎడ్లు చటుక్కున ఆగాయి. వాటికీ ఇలాంటిది కొత్త.

"ఇదే దీదీ బియాసి" అన్నాడు పరదేశి, చేతిలో ములుగర్ర అలాగే పట్టుకుని. "ఊళ్ళో అందరి మళ్ళలోనూ ఇదే చేస్తాం. దున్నకపోతే పండదు."

"దున్నితే మిగల్దు! మొలిసిన బిడ్డని కాళ్ళకింద ఏసి తొక్కిస్తావేటి? నీ మళ్ళల్లో నీ ఇష్టం. దీన్ని ముట్టుకున్నావంటే నానిక్కడి నుంచి లేవను."

అతను ఎంతో చెప్పాడు. సగం ఆవిడకి అర్థం కాలేదు, అర్థమైన సగం ఆవిడ వినలేదు. దాలమ్మ పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆడమనిషి మీదికి ఎడ్లని తోలే రకం కాదు పరదేశి. మడిలో ఆ ఒక్క చాలు మాత్రం పడింది. నాగలి మళ్ళించుకుని, "హరేలీ పండగ దాకా నాంగర్ నా చేతిలో ఉంటుంది. మనసు మారితే కబురు పెట్టు" అన్నాడు. దాలమ్మ లేచి, పైరు బతికినందుకు కొబ్బరికాయ గట్టుమీద కొట్టి, ఒక చెక్క అతనికే ఇచ్చింది. అతను ఏం అనుకున్నాడో తెలియదు, కొబ్బరి మాత్రం తిన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు దాలమ్మ వెలుగే వెలుగు. చుట్టుపక్కల మళ్ళన్నీ ఏనుగుల మంద తొక్కిపోయినట్టు బురదగా, అక్కడక్కడ వాలిపోయిన మొక్కలతో దిక్కుమాలి ఉన్నాయి. మధ్యలో ఈవిడ మడి ఒక్కటే పచ్చగా నిలబడింది. పనిగట్టుకుని బంగారమ్మని తీసుకెళ్ళి చూపించింది. బంగారమ్మ బుగ్గలు నొక్కుకుని, "పాపం, ఈళ్ళకి ఎవసాయం ఎవుళూ నేర్పినట్టు లేరప్పా" అంది. ఇద్దరూ ఊరి జనం మీద జాలిపడుతూ ఇంటికొచ్చారు.

జాలికి కూడా గడువుంటుంది. వాన ఒక రోజు పడి ఒక రోజు ఆగుతూ ఉండగా, ఆ తొక్కిన మళ్ళలో వాలిన మొక్కలు తలెత్తాయి. తలెత్తడమే కాదు, ముదురాకుపచ్చ తిరిగి, దుబ్బు కట్టడం మొదలెట్టాయి. దాలమ్మ మడి ఎక్కడిదక్కడే ఉంది. పైగా పసుపు పచ్చబడుతోంది. ఊద, తుంగ పోటీపడి లేచాయి. ఆవిడ నడుం విరిగేలా కలుపు తీసింది. ఇవతల తీసుకుంటూ అవతల గట్టుకి చేరేసరికి ఇవతల మళ్ళీ లేచేది. రెండోసారి వచ్చిన బంగారమ్మ మడి వైపు చూసి, మనసులో ఏమీ లేకుండానే, "ఇందులో ఊద ఏది, వరి ఏదప్పా?" అని అడిగింది. ఆ మాట దాలమ్మకి ములుకులా గుచ్చుకుంది.

బంగారమ్మ వెళ్ళిపోయాక ఆవిడ తన మడిలోంచి ఒక మొక్క పీకింది. గట్టు దాటి పరదేశి మడిలోంచి ఒకటి పీకింది. రెండూ పక్కపక్కన గట్టు మీద పెట్టి చూసింది. తన మొక్క ఒంటి పుల్ల, వేళ్ళు గోధుమరంగు తిరిగి ముద్దకట్టుకుపోయాయి. అతని మొక్కకి మొదట్లో పిలకలు, కింద తెల్లటి కొత్త వేళ్ళు. ఉభాలు వేశాక నిలదొక్కుకున్న మొక్కకి వచ్చే వేళ్ళే అవి. దాలమ్మకి అప్పుడు బియాసికి అర్థం తెలిసింది. ఒత్తుగా మొలిచినదాన్ని పలచన చెయ్యడం, పాత వేరు కదిపి కొత్త బురదలో కూర్చోబెట్టడం, కలుపుని అణగదొక్కడం. తాము చేత్తో చేసే పనినే వీళ్ళు నాగలితో చేస్తున్నారు. తను అడ్డంపడి ఆపింది తమ ఊరి పనినే.

ఆవిడ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఒక్క పంట అన్నాడు మొగుడు. గింజ గుమ్మంలోకి రాకపోతే బతికున్నన్నాళ్ళు ఆ మాట ఎత్తకూడదు. మాట ఇచ్చింది. మాట తప్పే మనిషి కాదు, అదే ఆవిడ బాధ. ఇంటికి వెళ్ళి అన్నం వడ్డించింది. సూర్యారావు ఆవిడ కళ్ళు చూసి అంతా తెలుసుకుని, "పోనీలేవే" అన్నాడు మెల్లగా. వెక్కిరిస్తే ఆవిడ తట్టుకునేది. "పోనీలే" అనేసరికి తట్టుకోలేకపోయింది.

అడగందే అమ్మైనా పెట్టదు. మర్నాడు దాలమ్మ సిగ్గు కొంగున మూటగట్టి పరదేశి ఊరికి బయల్దేరింది. తీరా వెళ్ళేసరికి ఆ రోజే హరేలీ. దున్నకాలు ముగిశాయని వాళ్ళు నాగళ్ళకి పండగ చేసుకునే అమావాస్య అది. వాకిట్లో ఎర్ర మొరం కొత్తగా పరిచి, దానిమీద నాగలి, గునపం, పారలు, కొడవళ్ళు అన్నీ తళతళలాడేలా కడిగి వరసగా పెట్టారు. వాటికి బొట్లు పెట్టి, బియ్యప్పిండి అట్లు నైవేద్యం పెడుతోంది పరదేశి తల్లి. ఊరంతా ఆవిడని దాయి అంటారు. దాయి అంటే అమ్మ. వీధిలో పిల్లలు వెదురు పొడుగుకాళ్ళెక్కి నడుస్తూ, గుమ్మంలో నిలబడ్డ దాలమ్మని వింతగా చూశారు.

దాలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు నాదే, మడి చచ్చిపోతోంది, నాగలి పంపించమని అడిగింది. పరదేశి నవ్వలేదు కానీ, ఇబ్బందిగా తల్లి వైపు చూశాడు.

"నాంగర్ స్నానం చేసింది దీదీ. పూజ కూడా అయిపోయింది. మా ఇంట్లో హరేలీ అయ్యాక దాన్ని ఈ వానల్లో మళ్ళీ బురదలో దింపం. మా తాతలనాటి పద్ధతి. సావన్ సగం అయిపోయింది, బియాసి గడువూ దాటింది."

సగం అయిపోయిందన్న మాట దగ్గర దాలమ్మ కళ్ళు మెరిశాయి. ఎంత ఏడుపులో ఉన్నా లెక్క తప్పే మనిషి కాదు.

"ఏటి, సావన్ సగమా? మీకు పున్నమికి నెల మారుద్ది. మాకు అమావాస్యకి మారుద్ది. మా పంచాంగంలో ఇయ్యాల ఆషాఢమే. సావన్ రేపు పుడద్ది! పుట్టని నెల ఎలాగ సగం అయిపోద్ది దాయీ?"

తన సగం హిందీలో, వేళ్ళు లెక్కపెట్టి, నేల మీద గీతలు గీసి ఆవిడ ఆ సంగతి నిరూపించేసరికి అట్లు పెనం మీద మాడాయి. దాయి ఆ గీతల వంక చూసింది. బోసినోటితో పకపకా నవ్వింది. ఆవిడ నవ్వితే ఇల్లంతా నవ్వాల్సిందే.

"విన్నావురా? ఆమె మడికి ఇంకా సావన్ రాలేదట. రేపు తోలుకుపో. కడిగిన నాంగర్ని మళ్ళీ కడుక్కోవచ్చు, ఈ వానల్లో నీళ్ళకేం కరువు?"

పరదేశి తల్లి మాట కాదనలేదు. కానీ ఒక చిక్కు చెప్పాడు. పైరు ఎత్తెదిగిపోయింది. ఇప్పుడు దున్నితే సగానికి సగం పైకి లేచిపోతుంది. లేచినదాన్ని వెంటనే ఖాళీల్లో నాటెయ్యాలి. దాన్ని చలాయి అంటారు. రెండు రోజులు ఆగితే కుళ్ళిపోతుంది. అతని ఇంటి ఆడవాళ్ళంతా సొంత మళ్ళ కలుపులో ఉన్నారు, మనుషులు దొరకరు.

"నాటడమా?" అంది దాలమ్మ. "పీకిన ఆకు నాటడానికి నాకు మనుషులు కావాలా?" అని, అట్టు ఒకటి చేతిలో పెట్టుకుని తింటూ, వచ్చిన దారిన వేగంగా నడిచింది.

ఆ సాయంత్రం క్వార్టర్ల కుళాయి దగ్గర దాలమ్మ ఒక్క మాటే అంది. "రేపు నా మడిలో ఉభాలు." అంతే. బొబ్బిలి వాళ్ళు, నరసన్నపేట వాళ్ళు, పార్వతీపురం వాళ్ళు, రైలు పెట్టె అంత ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి సర్దుకుని బతుకుతున్న ఆడవాళ్ళంతా బిందెలు కింద పెట్టేశారు. బంగారమ్మ అందరికన్నా ముందు, "నానొత్తాను, జలగలుంటే మాత్రం నన్నేటీ అనకండి, అరిసీగల్ను" అంది.

మర్నాడు పొద్దున పరదేశి నాగలి మడిలోకి దింపాడు. వానొచ్చి నీళ్ళు నిండుగా ఉన్నాయి. దాలమ్మ గట్టు మీద నిలబడి, పైరు మీద నాగలి నడుస్తుంటే చీర కొంగు నోట్లో కుక్కుకుంది.  మొక్కలు తేలాయి. వెంటనే ఆడవాళ్ళు చీరలు పైకి దోపుకుని దిగారు. దిగిన క్షణం అందరూ ఒకేసారి కేకేశారు. అది జలగల కేక కాదు. ఇన్నాళ్ళకి వేళ్ళ సందుల్లోంచి బురద పైకి వస్తే వచ్చిన కేక. తర్వాత ఒకావిడ పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. చేతులు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. నలుగురు తేలిన మొక్కలు ఏరి కడుగుతుంటే, మిగతావాళ్ళు ఖాళీ చూసి ఊడుస్తూ వెనక్కి నడిచారు. పక్క మళ్ళలో కలుపు తీస్తున్న ఊరి ఆడవాళ్ళు నడుములు ఎత్తి నిలబడి చూశారు. దాయి కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చింది. ఇంత వేగంగా చలాయి చేసినవాళ్ళని తన జన్మలో చూడలేదని అంది.

పొద్దెక్కాక సూర్యారావు రాత్రి డ్యూటీ దిగి, యూనిఫారంతోనే, అందరికీ ఒక పెద్ద క్యానులో టీ పట్టుకుని వచ్చాడు. గట్టు మీదే నిలబడ్డాడు. "నాను దిగను. ఒట్టుంది" అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. అతను చూస్తూ ఉన్నాడు. నాటేవాళ్ళ చేతిలో ఆకు అయిపోయి, కట్టలు అందించేవాళ్ళు లేక, బంగారమ్మ ఒంగినది ఒంగినట్టే, "ఆకో! ఆకో!" అని అరుస్తోంది. పాలకొండ వైపు ఆకు మొయ్యడం మగవాళ్ళ పని. సూర్యారావు కాసేపు ఓర్చుకున్నాడు. పాయింట్స్‌మన్‌కి, ఆగిపోయిన రైలు చూసినా ఆగిపోయిన పని చూసినా చెయ్యి ఊరుకోదు.

"ఎక్కడేసినారే కట్టలు? అందించడం కూడా రాదేటి మీకు?" అని తిట్టుకుంటూ బూట్లు విప్పి, గట్టు మీద పక్కపక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి మడిలో దిగాడు. ఊరి గెడ్డలో కడుక్కున్న కాళ్ళు మళ్ళీ బురదైపోయాయి. దాలమ్మ తలెత్తి చూసింది, ఏమీ అనలేదు. అంటే గట్టెక్కేస్తాడని భయం. కట్ట చేతికి అందిస్తున్నప్పుడు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

ఆ తర్వాత కథ వరి చెప్పాల్సిందే. మడి మొదట దిక్కుమాలి కనపడింది. వారం పది రోజులకి తలెత్తింది, దుబ్బు కట్టింది, పొట్టకొచ్చింది. దసరా నాటికి వెన్ను వంగింది. దాలమ్మ కోసిన పంటని పరదేశి కళ్ళంలో ఎడ్లతో తొక్కించి, సగం పంచి, బండి మీద వేసుకుని స్వయంగా క్వార్టర్లకి తోలుకొచ్చాడు. రైలు తప్ప బండి చూడని ఆ వీధిలో ఎడ్ల మెడ గంటలు వినపడేసరికి అందరూ బయటికి వచ్చారు. బస్తాలు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాయి. దాలమ్మ గుమ్మానికి పసుపు రాసి, బస్తాలకి బొట్లు పెట్టి, పరదేశికి కొబ్బరికాయ చేతికిచ్చింది. "ఇది బియాసి అమ్మవారికి" అంది. అతను గట్టిగా నవ్వాడు, ఈసారి ఎందుకు నవ్వాడో ఆవిడకి తెలుసు.

కొత్త బియ్యం వండిన రోజున సూర్యారావు కంచం ఖాళీ చేశాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు. దాలమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఒక్క పంట అన్నాడు. గింజ గుమ్మంలోకి వచ్చింది. వస్తే సరి అన్నాడే తప్ప, తర్వాత ఏడు సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ మాట ఇప్పుడు అడగలేక ఆవిడ గరిటెతో గిన్నె అడుగు గీకింది.

అతనే చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఒక్క పంట అన్నాను కదే. ఇదేటి పంట? సగం ఆళ్ళ బియాసి, సగం మన ఉభాలు. నీ ఎవసాయం నెగ్గిందో ఆళ్ళది నెగ్గిందో తేల్లేదు. తేలీదాకా ఎయ్యాల్సిందే."

"తేల్దేమో మావా" అంది దాలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"తేలకపోతే నాకేటి? ఆ పక్క మడి కూడా పాలుకిస్తాడేమో పరదేశినడుగు."

మరుసటి ఏడు వానలకి రెండు మళ్ళయ్యాయి. హరేలీకి ముందే, గడువులోనే, నీళ్ళు నిండగానే దాలమ్మ తనే కబురు పెట్టింది. పరదేశి ఎడ్లు తోలుకొచ్చి, గట్టు దగ్గర ఆపి, దింపనా దీదీ అని అడిగాడు. మడి పచ్చగా, ఒత్తుగా, జానెడు దాటి నిలబడి ఉంది. ఇది ఎందుకో, దీని తర్వాత ఏమవుతుందో ఆవిడకి మొక్క మొక్కా తెలుసు. క్వార్టర్లకి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి విడమర్చి చెప్పింది కూడా ఆవిడే. అయినా పైరుకి వీపు తిప్పి నిలబడింది. రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"తోలీ నాయనా, బేగి తోలీ" అంది.